మాకు చాయ్ సాకు లేకుండా చేసిన సార్

ఆ రోజు పొద్దున హఫీజ్‌పేట్ స్టేషన్‌లో నా ముందు నిలబడ్డ ఆవిడ చేతిలో కొత్త గొడుగు ఉంది. దానికి ధర చీటీ ఇంకా వేలాడుతోంది. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూ, చెప్పడానికి నోరు రాక ఊరుకున్నాను. అప్పుడే ఫోన్‌లో మా టీమ్ గ్రూపుకు ఒక మెసేజ్ వచ్చింది. మా సార్ తెల్లవారుజామున నిద్రలోనే పోయారని. అంతకుముందే గుండెకు ఆపరేషన్ అయి ఇంటికి వచ్చారు. బాగానే ఉన్నారు. సోమవారం నుంచి ఆఫీసుకు వస్తానని ఆయనే చెప్పారు. రైలు వచ్చింది, ఎక్కాను. హైటెక్ సిటీలో దిగి, రోజూలాగే షేర్ ఆటో పట్టుకుని, గచ్చిబౌలిలో మా ఆఫీసు గేటు దగ్గర దిగాక గానీ తప్పు చోటికి వచ్చానని తెలియలేదు. అప్పటికి అందరూ ఖాజాగూడలో సార్ ఇంటి ముందు ఉన్నారు.

సార్ అని రాస్తున్నాను కానీ మా ఆఫీసులో ఎవరూ ఎవరినీ సార్ అనరు. వయసు ఎంతైనా పేరు పెట్టే పిలుస్తారు. ఆయన మా టీమ్ లీడ్. యాభై దాటినవారు. నేను చేరిన మొదటి రోజే, "పేరుతోనే పిలువమ్మా, నేనేం అనుకోను" అన్నారు. నావల్ల కాలేదు. సిస్టర్ల బడిలో చదివినదాన్ని. పెద్దవాళ్ళు గదిలోకి వస్తే లేచి నిలబడే అలవాటు ఉద్యోగంలో చేరాక కూడా పోలేదు. ఆయన నా సీటు దగ్గరకు వచ్చినప్పుడల్లా లేచేదాన్ని.

"కూసో తల్లీ. నేనేం పరీక్ష పెట్టనీకి రాలే" అనేవారు.

నేను మానలేదు. చివరికి ఆయనే దారి మార్చారు. చప్పుడు చేయకుండా వచ్చి, పక్క కుర్చీ లాక్కుని ముందు కూర్చుని, ఆ తర్వాత పలకరించేవారు. కూర్చున్న మనిషి ముందు లేచి నిలబడటం నాకే వింతగా తోచి మానేశాను.

ఆయన పుట్టింది ఖాజాగూడలోనే. ఈ అద్దాల మేడలేవీ రాకముందు. మా అంతస్తు కిటికీలోంచి కనబడే రాతిగుండ్లను చూపించి, "అగో, ఆ పెద్ద గుండు మీదికెల్లి జారి నా మోకాలు పగిలింది. ఇప్పుడు అక్కడికి పోవాల్నంటే ట్రాఫిక్‌ల గంట" అని నవ్వేవారు. అమెరికా వాళ్ళతో మాట్లాడే మీటింగుల్లో ఆయన ఇంగ్లీషు కూడా అచ్చం ఇలాగే ఉండేది. నిదానంగా, సాగదీస్తూ, మధ్యలో ఆగి అవతలివాడు ఏమంటాడో చూస్తూ. నా ఇంగ్లీషు ఆయనకంటే శుభ్రమైనది. కానీ నేను నోరు తెరిచేదాన్ని కాదు.

ఆ సంగతి అప్పటికే ఆఫీసు కాగితాలకు ఎక్కింది. నాది ఇంకా ప్రొబేషన్. మొదటి రివ్యూలో మా మేనేజర్ నా గురించి రెండే మాటలు రాశారు. పని బాగానే చేస్తుంది, మాట్లాడదు. అందులో అబద్ధం లేదు. ప్రొబేషన్ అయిపోయేలోగా రెండో మాట మారకపోతే ఈ టీమ్‌లో ఉంచడం కష్టమని, పక్క బిల్డింగులో రిపోర్టులు తయారుచేసే పనికి పంపాల్సి వస్తుందని మర్యాదగానే చెప్పారు. అక్కడ మాట్లాడే అవసరం ఉండదట. నాకు చేతనయిందీ, నచ్చిందీ ఈ టీమ్‌లో పనే. అది పోతుందేమోనని రోజూ భయపడేదాన్ని. భయపడేకొద్దీ నోరు ఇంకా మూసుకుపోయేది.

మా పని ఏమిటో కొంచెం చెప్పాలి. మా కంపెనీలో ప్రోగ్రాములు రాసేవాళ్ళు చాలామంది. అందరూ ఒకే పెద్ద ఫైళ్ళ గుట్ట మీద పనిచేస్తారు. ఏ ఫైలు ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో గుర్తుపెట్టుకునే పనిముట్టు ఒకటి ఉంటుంది. దాన్ని చూసుకోవడమే మా టీమ్ పని. ఎవరైనా కొత్త పని మొదలుపెడితే ముందు ఒక బ్రాంచ్ పెట్టుకుంటారు. అంటే అందరిదీ చెడగొట్టకుండా మన మార్పులు మనం విడిగా చేసుకోవడానికి ఒక కొత్త పేరు పెట్టుకోవడం. దానికి ఒక కమాండ్ ఉంది. ఒక్క వరుస టైప్ చేసి ఎంటర్ కొట్టాలి.

కొట్టాక చాలాసేపు ఏమీ జరగదు. గుట్ట అంత పెద్దది. అందుకని మా బిల్డింగులో ఒక ఆచారం వచ్చింది. బ్రాంచ్ పెట్టి చాయ్‌కి పోవడం. ఎవరైనా కుర్చీలోంచి లేస్తే "ఎక్కడికి?" అంటారు. "బ్రాంచ్ పెట్టాను" అంటే చాలు, మేనేజర్ కూడా ఇంకేమీ అడగరు. గేటు బయట బైక్ టాక్సీలు ఆగే చోట ఒక చాయ్ బండి ఉంది. వాన పడి జనం తగ్గిన రోజు ఆ బండి ఆయన, "ఏంది సార్, ఇయ్యాల బ్రాంచులు తక్కువున్నయా?" అని అడిగేవాడు. బ్రాంచ్ అంటే ఏమిటో ఆయనకు తెలుసని నేను అనుకోను.

నేను చాయ్‌కి వెళ్ళేదాన్ని కాదు. అక్కడ నిలబడి ఏదో ఒకటి మాట్లాడాలి కదా. కమాండ్ కొట్టి, సంచిలోంచి పుస్తకం తీసి, అది అయ్యేదాకా చదువుకునేదాన్ని. ఒక మధ్యాహ్నం అలా చదువుకుంటుంటే సార్ వచ్చి కుర్చీ లాక్కున్నారు.

"చాయ్‌కి పోలేదామ్మా?"

"లేదు సార్. బ్రాంచ్ పెట్టాను. ఇది అయ్యేలోగా నాలుగు పేజీలు అవుతాయి."

ఆయన నా స్క్రీన్ వైపు చూశారు. "ఇంతసేపు ఇది లోపల ఏం చేస్తున్నది?"

"తెలియదు సార్."

"నాకూ తెల్వదు" అన్నారు ఆయన. "ఇన్నేండ్ల సంది దీని పేరు చెప్పి చాయ్ తాగుతున్న గానీ, ఏం చేస్తున్నవే అని ఒక్కనాడు అడగలే. చూద్దాం పా."

ఆ సాయంత్రమంతా మేమిద్దరం ఆ కమాండ్ లోపలి రాతను చదివాం. నవల చదివినట్టే చదివాం. మొదట అది మన కంప్యూటర్‌లో పరిచి ఉన్న ఫైళ్ళన్నిటి జాబితా తెరుస్తుంది. ఆ తర్వాత ఒక్కొక్క ఫైలునూ, ఇప్పుడున్న చోటు నుంచి వెళ్ళబోయే చోటుకు ఏమైనా మారాలా అని పోల్చి చూస్తుంది. ఏమీ మారనక్కర్లేదు. ఎందుకంటే కొత్త బ్రాంచ్ మనం నిలబడ్డ చోటే పుడుతుంది, పేరు మాత్రమే కొత్తది. అయినా అది చివరి ఫైలు దాకా చూసి, చేయాల్సిందేమీ లేదని తేల్చుకుని, ఉన్న జాబితానే మళ్ళీ మొదటి నుంచి రాసి పెడుతుంది. ఆ తర్వాత కొత్త పేరు రాస్తుంది. ఆ పేరు రాయడానికి రెప్పపాటు చాలు.

సార్ చాలాసేపు నవ్వారు. నవ్వితే ఆయన భుజాలు కదిలేవి, చప్పుడు వచ్చేది కాదు.

"ఇంటి ముందల బోర్డు మార్చేతందుకు ఇంట్ల సామానంత బయటవెట్టి, చూసుకోని, మళ్ళ లోపట వెట్టినట్టున్నది" అన్నారు.

"ఆ పనంతా ఎత్తేద్దాం సార్" అన్నాను. ఆఫీసులో ఎవరూ అడగకుండా నేను అన్న మొదటి మాట అదేనేమో.

"ఆగు. ఎవరో కూసోని ఇది రాసిన్రు. వాళ్ళేం పిచ్చోళ్ళు కాదు. పని తీసేసే ముందట, ఆ పని ఎందుకు పెట్టిన్రో తెలుసుకోవాలె."

ఇది ఆయన తరచుగా అనే మాట. అనవసరమైన పని అంటే ఆయనకు గిట్టదు. కానీ ఏది అనవసరమో తేల్చడానికి ఆయన పడే శ్రమ చూస్తే ఆ పనే చేసేయడం నయం అనిపించేది. గోడ మీది తెల్లబోర్డు తుడిచి, ఆ ఫైళ్ళ తనిఖీ ఎప్పుడెప్పుడు నిజంగా అవసరమో రాయమన్నారు. కొత్త బ్రాంచ్‌ను ఉన్న చోట కాకుండా వేరే చోట మొదలుపెట్టాలనుకుంటే అవసరం. చేతిలో ఉన్న మార్పులన్నీ పారేయమని అడిగితే అవసరం. రెండు బ్రాంచులను కలిపే పని మధ్యలో ఆగి ఉంటే అవసరం. ఇలా నాలుగు రోజులు ఆ బోర్డు మీద రాస్తూనే ఉన్నాం. దారిన పోయేవాళ్ళను కూడా ఆపి అడిగేవారు. "ఇంకేమన్న మర్సిపోయినమా చూడు." వీటిలో ఏ ఒక్కటున్నా పాత దారినే పోవాలి. ఏదీ లేకపోతేనే దగ్గరి దారి, అంటే తనిఖీ లేకుండా నేరుగా పేరు రాయడం. "అనుమానమొస్తే పాత దారే పట్టాలె" అని బోర్డు కింద ఆయనే రాసి గీత గీశారు.

ప్రోగ్రాము మాత్రం నేనే రాశాను. మార్పు నా పేరు మీదే వెళ్ళింది.

అది అందరి కంప్యూటర్లకూ చేరిన రోజు మా అంతస్తులో ఒక విచిత్రమైన నిశ్శబ్దం. అందరూ ఎంటర్ కొట్టి, అలవాటుగా కుర్చీ వెనక్కి జరిపి, ఆగిపోయారు. అయిపోయింది. లేవడానికి కారణం లేదు. ఎదురు బిల్డింగులో పనిచేసే రాజమండ్రి ఆయన ఒకరున్నారు, అస్తమానం మా అంతస్తుకు వచ్చిపోతుంటారు. ఆయన ప్రత్యేకంగా నా సీటు దాకా వచ్చారు.

"ఏమండీ, మీరేనాండీ మా చాయ్ తీసేసింది? చూడ్డానికి ఇంత నెమ్మదిగా ఉన్నారు, ఎంత పని చేశారండీ."

పక్క కుర్చీలోంచి సార్ అన్నారు. "ఆమెనేమనకు. చాయ్ తాగనీకి సాకెందుకయ్యా నీకు? తాగాలనిపిస్తే లేచి పో." ఆ తర్వాత నిజంగానే లేచి, "అందరు పాండ్రి" అని కిందికి తీసుకెళ్ళారు. నన్ను కూడా. ఆ రోజు నుంచి మా టీమ్‌లో చాయ్‌కి సాకు చెప్పడం పోయింది. చాయ్ మాత్రం ఉంది.

ఆయన గురించి నాకు అన్నిటికంటే ముందు గుర్తొచ్చేది మధ్యాహ్నం భోజనం వేళ. కమాండ్లలో ఒక్క అడుగు ఎక్కువైనా ఊరుకోని మనిషి, మనుషుల దగ్గర ఒక్క అడుగు కూడా తగ్గించుకునేవారు కాదు. ఫోన్‌లో ఒక్క అక్షరం పంపితే సరిపోయేదానికి అంతస్తు దిగి నడిచి వెళ్ళేవారు. అన్నం డబ్బా నా ముందే తెరిచి ఉన్నా "తిన్నవా అమ్మా?" అని అడిగేవారు. ఒకసారి ధైర్యం చేసి, "కనిపిస్తోంది కదా సార్, ఎందుకు అడగడం?" అన్నాను. "కనవడుతున్నది. అయినా నువ్వు చెప్తే వేరే" అన్నారు జొన్నరొట్టె తుంచుకుంటూ.

నేను చదివే పుస్తకాల మీద ఆయనకు ఆసక్తి. చదవడం మీద కాదు. తాను బడి వదిలాక కథల పుస్తకం ముట్టలేదని సిగ్గుపడకుండా చెప్పేవారు. "ఇయ్యాల ఎందాక వచ్చింది?" అని అడిగేవారు. నేను చెప్పాలి. మొదట్లో ఒక వాక్యంలో చెప్పి ముగించేదాన్ని. ఆయన ఒప్పుకునేవారు కాదు. "అట్ల కాదు. ఆమె పడవ దిగింది, దిగి ఏం చేసింది? ఒక్కతే ఉన్నదా? వాన పడుతున్నదా?" అని గుచ్చి గుచ్చి అడిగేవారు. టేబుల్ మీదికి వంగి, నా మొహం మీదనుంచి చూపు తీయకుండా వినేవారు. అంత శ్రద్ధగా నా మాట మా ఇంట్లో కూడా ఎవరూ వినలేదు. అలా నేను చదివిన నవలలు చాలావరకు ఆయనకు భోజనం బల్ల మీదే పూర్తయ్యాయి. మధ్యలో ఒకసారి ఏదో పాత్ర గురించి మా ఇద్దరికీ గొడవ కూడా వచ్చింది. మొగుడిని వదిలి వెళ్ళిపోయినావిడ తప్పు చేసిందని ఆయన, చేయలేదని నేను. మర్నాడు డబ్బా తెరుస్తూ, "రాత్రి మా ఇంట్లామెనడిగిన. ఆమె నీ దిక్కే ఉన్నది. ఇగ నేనేం మాట్లాడ" అన్నారు.

ఇప్పుడు అంతకు ముందు వచ్చిన ఒక సోమవారం సంగతి చెప్పాలి.

దగ్గరి దారి వచ్చి కొన్ని వారాలైంది. పొద్దున నేను ఇంకా సంచి కూడా దించలేదు, రాజమండ్రి ఆయన పరుగులాంటి నడకతో వచ్చారు. ఈసారి హాస్యం లేదు.

"మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ళందరి ఫోల్డర్లూ ఖాళీగా ఉన్నాయండీ. ఒక్క ఫైలు లేదు. లోపల గాలి తప్ప ఏం లేదు. మీ కమాండ్ మొత్తం తుడిచేసిందంటున్నారు."

మా మేనేజర్ అప్పటికే ఫోన్‌లో ఉన్నారు. సార్ ఆ ఉదయం ఇంకా దారిలోనే ఉన్నారు. నేను రాజమండ్రి ఆయన వెంట ఎదురు బిల్డింగుకు వెళ్ళి, ఒక కొత్త అమ్మాయి పక్కన నిలబడి, మొదటి నుంచి ఏం చేసిందో మళ్ళీ చేసి చూపమన్నాను.

వాళ్ళ టీమ్‌కు ఒక పద్ధతి ఉందని అప్పుడు తెలిసింది. గుట్ట పెద్దది కాబట్టి, వాళ్ళు మొదట ఫైళ్ళేవీ పరచకుండా ఆ మార్పుల చరిత్రను మాత్రమే తమ కంప్యూటర్లలోకి దించుకుంటారు. ఫోల్డర్ ఖాళీగా ఉంటుంది. వెంటనే కొత్త బ్రాంచ్ పెడతారు. అప్పుడు ఆ పాత కమాండ్, ప్రతి ఫైలునూ చూసుకుంటూ వెళ్ళే ఆ అనవసరమైన తనిఖీలో, అసలు ఒక్క ఫైలూ లేదని గమనించి అన్నిటినీ పరిచేది. పరచమని దానికి ఎవరూ చెప్పలేదు. అది దాని పని అని ఎక్కడా రాసి లేదు. మేం దాన్ని తీసేశాం. ఇప్పుడు పేరు రాస్తుంది, ఊరుకుంటుంది.

ఎవరు చేసిన పనీ పోలేదు. చరిత్ర అంతా భద్రంగా ఉంది. పరచడం ఒక్కటే జరగలేదు. నేను వెనక్కి వస్తూ లిఫ్టులోనే మందు కూడా ఆలోచించుకున్నాను. ఫైళ్ళ జాబితా అనేదే ఇంకా పుట్టకపోతే, పాత దారి పట్టాలి. ఒక్క వరుస చాలు.

సార్ వచ్చి అంతా విన్నారు. బోర్డు దగ్గరకు వెళ్ళి మొదటి నుంచి మళ్ళీ చదివారు. మా రాత ఇంకా అక్కడే ఉంది.

"ఇన్ని రాసినం. ఖాళీ ఇంటికి బోర్డు పెట్టేటోడు ఉంటడని నాకు యాదికి రాలే" అన్నారు.

మధ్యాహ్నం మీటింగు అన్నారు. ఈ మార్పును పూర్తిగా వెనక్కి తీసేయాలని మేనేజర్ అప్పటికే నిర్ణయానికి వచ్చినట్టే ఉన్నారు. దాంతోపాటు నన్ను రిపోర్టుల పనికి మార్చే సంగతి కూడా అక్కడే తేలుతుందని సార్ నాకు దాచకుండా చెప్పారు. నేను ఆయన వెనకే వరండాలోకి వెళ్ళాను.

"సార్, అంతా మీకు చెప్పాను కదా. మీటింగులో మీరు చెప్పండి. మీరు చెప్తే సరిపోతుంది. నేను మళ్ళీ చెప్పడం అనవసరం."

ఆయన ఆగి నా వైపు తిరిగారు. "ఏ పని అనవసరమో నాకు జర తెలుసమ్మా. ఇది గందుల లేదు."

"నాకు రాదు సార్."

"రోజు అన్నం తినుకుంట నాకు గింత పొడుగు కథలు చెప్తవ్. ఇది చిన్న కథ. ఖాళీ ఇల్లు ఉన్నది, బోర్డు మారింది, సామాను రాలే. అంతే. ఫికర్ చెయ్యకు."

మీటింగు గదిలో పెద్ద బల్ల. మేనేజర్ ఒక చివర, ఎదురు బిల్డింగువాళ్ళు చుట్టూ. మేనేజర్ అడగగానే సార్ మొదలుపెట్టారు.

"తప్పు నాది. బోర్డు మీద అన్ని రాపిచ్చిన, ఇదొక్కటి తోచలే. కానీ ఎక్కడ తప్పిందో నేను ఆఫీసుకు రాకముందే ఈమె పట్టుకున్నది. నాకు ఈమె చెప్పిందే తెలుసు. ఆమెనే అడుగుండ్రి."

అందరూ నన్ను చూశారు. నేను మొదలుపెట్టాను. ఖాళీ ఫోల్డర్, చరిత్ర ఒక్కటే దించుకునే పద్ధతి, ఎవరూ చెప్పకుండానే పాత కమాండ్ చేస్తూ వచ్చిన ఉపకారం. నా గొంతు నాకే సరిగ్గా వినిపించలేదు.

"కొంచెం గట్టిగా చెప్పండీ, ఏం వినబడట్లేదు" అన్నారు రాజమండ్రి ఆయన.

నేను ఆగిపోయాను. ఆ ఆగిపోవడంతోనే అంతా అయిపోయిందని అనుకున్నాను.

సార్ లేచారు. తన కుర్చీని బల్ల చుట్టూ ఈడ్చుకుంటూ వచ్చి, నా పక్కన వేసుకుని కూర్చున్నారు. "మనమే జర దగ్గరికి జరుగుదాం. బల్ల ఎందుకు ఇంత పెద్దగ చేసిన్రో ఏమో" అన్నారు. ఒకరిద్దరు నవ్వి కుర్చీలు జరిపారు. చివరికి మేనేజర్ కూడా లేచి రావాల్సి వచ్చింది. అందరూ నా చుట్టూ, చలిమంట చుట్టూ కూర్చున్నట్టు కూర్చున్నారు. గొంతు పెంచే అవసరం లేకుండా పోయింది. నేను ఆయన మొహం వైపు చూస్తూ, భోజనం బల్ల దగ్గర చెప్పినట్టే చెప్పాను. ఆయన కూడా అప్పుడే మొదటిసారి వింటున్నట్టు, "మరి ఆ జాబితా లేకుంటే?" అని మధ్యలో అందించారు.

"జాబితా లేకపోతే పాత దారి పట్టిస్తే చాలు" అన్నాను.

"ఇలాంటివి ఇంకా ఉంటే?" అన్నారు మేనేజర్.

"ఉండొచ్చు. ఆ ఫైళ్ళ తనిఖీ మీద ఆధారపడ్డ పద్ధతులు ఇంకేవైనా ఉన్నాయేమో ఒక్కొక్క టీమ్‌నూ అడగాలి. నేను వెళ్ళి అడుగుతాను."

అడుగుతాను అన్నది నేనే. ఆ మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. మేనేజర్, మార్పు వెనక్కి తీయొద్దు, ఆ వరుస చేర్చి పంపండి అన్నారు. రిపోర్టుల ఊసు ఎత్తలేదు. ఆ తర్వాతి రెండు వారాలు నేను ప్రతి టీమ్ దగ్గరకూ వెళ్ళి, కుర్చీ లాక్కుని కూర్చుని, "మీరు కొత్త పని ఎలా మొదలుపెడతారు?" అని అడిగాను. ప్రొబేషన్ అయిపోయినప్పుడు మేనేజర్ రాసిన మాటల్లో పాత రెండో మాట లేదు.

ఆ సంగతి చెప్పినప్పుడు సార్ అభినందించలేదు. "చాయ్ తాగుదాం పా" అన్నారు. కింద చాయ్ బండి దగ్గర ఆ రోజు ఆయన ఉస్మానియా బిస్కెట్‌ను చాయ్‌లో ముంచి, అది విరిగి మునిగిపోతే, చెంచా అడిగి తీసుకుని ఓపికగా దాన్ని వెతికి తీశారు.

ఆపరేషన్‌కు ముందు దవాఖానలో ఒకసారి చూశాను. టీమ్‌లో నలుగురం వెళ్ళాం. ఆఫీసు సంగతులు అడిగారు. నర్సు వచ్చి బీపీ చూసి వెళ్ళింది, కాసేపటికి ఇంకో నర్సు వచ్చి మళ్ళీ చూసింది. "గీళ్ళకు కూడా ఒక దగ్గరి దారి రాసియ్యాలె" అని మెల్లగా అన్నారు. వెంటనే, "వద్దులే. అనుమానమొస్తే పాత దారే మంచిది" అని రెండో నర్సుకు చెయ్యి చాపారు. వచ్చేస్తుంటే నన్ను పిలిచి, ఇప్పుడేం చదువుతున్నావని అడిగారు. ఏమీ చదవడం లేదని చెప్పాను. "అట్లయితే నేను వచ్చేవరకు ఒకటి మొదలుపెట్టి పెట్టు" అన్నారు. మొదలుపెట్టాను. అది ఇప్పుడు నా బల్ల మీద సగంలో ఉంది. పూర్తిచేస్తాను, ఇంకా కాదు.

ఆయన లేని టీమ్‌లో పని నడుస్తూనే ఉంది. మొన్న ఒక కొత్త కుర్రాడు ఇంకో కమాండ్‌లో అనవసరమైన తిరుగుడు కనిపెట్టి, ఎత్తేద్దామని ఉత్సాహంగా వచ్చాడు. ఆ పని ఎందుకు పెట్టారో తెలుసుకుని రమ్మన్నాను. మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళాడు. సాయంత్రానికి మూడు కారణాలతో తిరిగి వచ్చాడు.

దినాల రోజు ఖాజాగూడ వెళ్ళాను. ఒక్కదాన్నే బైక్ టాక్సీ మీద. పాత ఇల్లే, చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి. ముందు షామియానా, బంధువులు, గిన్నెల చప్పుడు, పక్క స్థలంలో ఏదో కడుతున్న మిషన్ల మోత. లోపల గదిలో సార్ వాళ్ళ ఆవిడ చాప మీద కూర్చుని ఉన్నారు. నేను ఫలానా అని చెప్పాను. వినబడక, పక్కనున్నామె వైపు చూశారు. మళ్ళీ చెప్పాను.

"కథలు చెప్పే పిల్లవు నువ్వేనా?" అని నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. "ఇంటికొచ్చి అన్నీ నాకు చెప్పేటోడు. నిన్ను అడగమని నేనే కొన్ని చెప్పి పంపేదాన్ని."

సార్ నాకు చేసినదాన్ని గురించి ఆమెకు చెప్పాలని దారి పొడుగునా మాటలు పేర్చుకుని వచ్చాను. మీటింగు గది, కుర్చీలు జరగడం, అన్నీ. చెప్పాను. ఆ మోతలో ఆమె నా నోటి దగ్గరికి చెవి పెట్టి విన్నారు. అయిపోయాక కొంగుతో కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగారు.

"నీ గొంతు గింత సన్నగున్నది బిడ్డా. మా ఇంటాయనకు ఎట్ల ఇనవడ్డది?"

నాకు అర్థం కాలేదు. ఆమె తన ఎడమ చెవిని వేలితో తాకి చూపించారు. చిన్నప్పుడు జ్వరం వచ్చి సార్‌కు ఆ చెవి పూర్తిగా పోయింది. రెండోది సగమే వినిపించేది.